బోరు నీళ్ళలో పిహెచ్ చుక్కలు పోయమని రాయకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న మీ ఆదివారం పుస్తకంలో ఇంట్లో అక్వేరియం చేపలతో గుడ్లు పెట్టించడం ఎలా అని ఒక పేజీ వేశారు. తెలుగు పేపర్లో ఈ సంగతి రాయడమే అరుదు కాబట్టి చాలా సంతోషంగా చదవడం మొదలుపెట్టాను, సగం దాకా బాగానే ఉంది. తర్వాత నీళ్ళ పిహెచ్ (నీళ్ళు ఎంత పుల్లగా ఉన్నాయో చెప్పే అంకె, అది తగ్గితే పులుపు పెరిగినట్టు) 6.5కి దించాలి, షాపులో పిహెచ్ డౌన్ సీసా దొరుకుతుంది, రోజూ పొద్దున నాలుగు చుక్కలు వేస్తే చాలు అని రాశారు. అది చదివాక ఉత్తరం రాయకుండా ఉండలేకపోయానండి. నేను ఎనిమిదేళ్ళ కింద సరిగ్గా అదే పని చేసి మంచి ఏంజెల్ చేపల జంటని పోగొట్టుకున్నాను. ఇప్పుడు మీ పేజీ చూసి ఎంతమంది పిల్లలు ఆ సీసా కొంటారో అని బాధగా ఉంది.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు, నాన్నగారు ముందు చేపల చెరువులు చేసేవారు, తర్వాత రొయ్యలకి మారారు. నేను ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి కూకట్‌పల్లిలో ఉంటున్నాను. చేపల మీద ఇష్టం మాత్రం పోలేదు, బాల్కనీ పక్క గదిలో ఆరు ట్యాంకులు పెట్టుకున్నాను. అందులో 2 ఏంజెల్స్ జత కట్టి నిలబెట్టిన పలక మీద వరసగా గుడ్లు పెట్టేవి. మూడొందల దాకా ఉండేవి గుడ్లు, తల్లీతండ్రీ రెండూ పక్కనే నిలబడి రెక్కలతో నీళ్ళు ఊపుతూ రాత్రింబగళ్ళు కాపలా కాసేవి. మర్నాటికి సగం తెల్లబడేవి, రెండో రోజుకి అన్నీ తెల్లగా అయిపోయి దూది పట్టినట్టు ఫంగస్ వచ్చేది, మూడో రోజు అవే తినేసేవి. ఇలా తొమ్మిదిసార్లు అయింది. మగచేప మంచిది కాదేమో అన్నారు ఒకరు, ఫంగస్‌కి వాడే నీలం మందు మిథిలిన్ బ్లూ వెయ్యమన్నారు ఇంకొకరు, షాపాయన పిహెచ్ ఎక్కువుంది అని సీసా ఇచ్చాడు.

ఆ సీసా వేస్తే ఏమవుతుందో చెప్తాను. ట్యాంకులో పిహెచ్ 8.2 ఉంది, చుక్కలు వేశాను, గంటలో 6.8 చూపించింది, సంబరపడ్డాను, పొద్దున్న లేచి చూస్తే మళ్ళీ 8.1. మళ్ళీ వేశాను, మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కింది. పది రోజులు అలా ఆడి పదకొండో రోజు కొంచెం ఎక్కువ వేశాను, ఈసారి ఎక్కలేదు, సరాసరి 5 కిందికి జారిపోయింది, తెల్లారేసరికి రెండూ అడుగున పడి ఉన్నాయి. రెండేళ్ళు పెంచిన చేపలండి అవి.

తప్పు ఎక్కడ జరిగిందో నాన్నగారు ఫోన్లోనే చెప్పేశారు. "ఆల్కలినిటీ ఎంతుందిరా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మా వైపు రొయ్యల రైతు ఎవరైనా సరే, చదువుకున్నా చదువుకోకపోయినా, సీసాలో చెరువు నీళ్ళు పట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళి పిహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా నాలుగూ చూపించుకుంటాడు, ఒక్క పిహెచ్ అంకె చూసి మందు పొయ్యడు. పొద్దున పిహెచ్ వేరు సాయంత్రం పిహెచ్ వేరు అని కూడా వాళ్ళకి తెలుసు, ఎండకి నాచు బొగ్గుపులుసు గాలిని, అంటే కార్బన్ డయాక్సైడ్‌ని, లాగేసుకుంటే సాయంత్రానికి పిహెచ్ పెరుగుతుంది, రాత్రికి మళ్ళీ తగ్గుతుంది. ఇంత తెలిసిన ఊళ్ళో పుట్టి నేను చుక్కల సీసా నమ్మాను.

అసలు సంగతి ఏంటంటే నీళ్ళలో మూడు వేరువేరు విషయాలు ఉంటాయి, మీ వ్యాసంలో మూడూ కలిపేశారు. జీహెచ్ అంటే హార్డ్‌నెస్, నీళ్ళలో క్యాల్షియం మెగ్నీషియం ఎంతున్నాయో చెప్పేది, మన ఇళ్ళలో పప్పు ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం, గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకోవడం దీని వల్లే. కేహెచ్ అంటే బైకార్బొనేట్లు, మా చెరువులోళ్ళు ఆల్కలినిటీ అనేది దీన్నే. మూడోది పిహెచ్. ఈ కేహెచ్ ఉన్నంతసేపు మనం పోసిన ఆసిడ్‌ని అది మింగేస్తుంది, మింగి కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది, ఆ గ్యాస్ నీళ్ళలో ఉన్న కాసేపు పిహెచ్ తక్కువ చూపిస్తుంది, ఏర్ పంపు నడిచి గ్యాస్ బయటికి పోగానే అంకె మళ్ళీ దాదాపు మొదటికే వస్తుంది. ఇలా రోజూ పోస్తుంటే లోపల కేహెచ్ అరిగిపోతూ ఉంటుంది, మనకి కనపడదు, అది అయిపోయిన రోజు పట్టుకునేది ఇంకేమీ ఉండదు. పిహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే పదింతలు, 8 నుంచి 5కి అంటే వెయ్యింతలు, ఏ చేప తట్టుకుంటుంది చెప్పండి. ఇంత చేసినా జీహెచ్ ఒక్క డిగ్రీ కూడా తగ్గదు, గుడ్లు తెల్లబడటానికి అసలు కారణం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. పైగా ఈ సీసాల్లో కొన్ని ఫాస్ఫారిక్ ఆసిడ్‌తో చేసినవి, వాటితో ట్యాంకుకి ఫాస్ఫేట్ చేరి నాచు పెరుగుతుంది.

గుడ్లకీ హార్డ్‌నెస్‌కీ ఏంటి సంబంధం అని అడుగుతారు చాలామంది. గుడ్డు నీళ్ళలో పడగానే కొంచెం నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, పై పొర గట్టిపడుతుంది, మగచేప మిల్ట్ (వీర్యం) లోపలికి వెళ్ళడానికి సూదిమొన లాంటి ఒకే ఒక్క రంధ్రం ఉంటుంది, అది కాసేపే తెరిచి ఉంటుంది. ఏంజెల్, డిస్కస్, నియాన్ టెట్రా, ఇవన్నీ అమెజాన్ నది వైపు చేపలు, అక్కడ వానలకి అడవి ఆకులు నాని నీళ్ళు టీ రంగులో ఉంటాయి, లవణాలు బాగా తక్కువ. ఆ నీళ్ళకి అలవాటైన గుడ్డుని మన బోరు నీళ్ళలో వేస్తే ఆ పని సరిగ్గా సాగదు. పెద్ద చేప మాత్రం ఆ బోరు నీళ్ళలోనే ఏళ్ళ తరబడి హాయిగా బతుకుతుంది, మన ఫారాల్లో పుట్టిన ఏంజెల్స్ అయితే మరీ, అందుకే మనం మోసపోతాం, చేప బాగుంది కదా నీళ్ళు బాగున్నట్టే అనుకుంటాం.

మా అపార్ట్‌మెంట్ బోరు టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) 780, జీహెచ్ 24 డిగ్రీలు, కేహెచ్ 16. ఒక డిగ్రీ అంటే 17.8 పీపీఎం (లీటరుకి అన్ని మిల్లీగ్రాములు), ల్యాబ్ రిపోర్టులో పీపీఎం అంకె ఉంటే 18తో భాగించుకుంటే చాలు. మనుషులు తాగే నీటికే భారత ప్రమాణాల సంస్థ మొత్తం హార్డ్‌నెస్ 200 పీపీఎం దాకా మంచిదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా పర్లేదని అంటుంది, 600 అంటే దాదాపు 34 డిగ్రీలు. ఏంజెల్ గుడ్లు పొదగాలంటే 5, 6 డిగ్రీలు ఉంటే బాగుంటుంది. నియాన్లకైతే 1, 2 డిగ్రీలే, పిహెచ్ 6 దగ్గర, టీడీఎస్ 50 లోపు, పైగా వాటి గుడ్లకి వెలుతురు పడదు, ట్యాంకు చుట్టూ నల్ల కాగితం కట్టాలి.

ఈ 24ని 5 చెయ్యడానికి సీసాలు అక్కర్లేదండి, కలపడం ఒక్కటే మార్గం. వంటింటి ఆర్వో నీళ్ళు మా ఇంట్లో టీడీఎస్ 30 ఉంటాయి. ఒక బిందె బోరు నీళ్ళకి నాలుగు బిందెలు ఆర్వో నీళ్ళు కలిపితే 780, 30, 30, 30, 30 కూడి ఐదుతో భాగిస్తే 180 వస్తుంది. జీహెచ్ 5 దగ్గరికి, కేహెచ్ 3 దగ్గరికి దిగుతాయి. అంతే. కేహెచ్ 3 ఉంది కాబట్టి పిహెచ్ గబుక్కున పడిపోదు, జీహెచ్ 5 కాబట్టి గుడ్డుకి ఇబ్బంది లేదు. ఒక్క మాట, ఆర్వో మెషిన్‌కి టీడీఎస్ కంట్రోలర్ ఉంటే అది లోపలే కొంచెం పచ్చి నీళ్ళు కలుపుతుంది, అందుకని అమ్మినవాడు చెప్పిన అంకె నమ్మకుండా పెన్ను లాంటి మీటర్‌తో మనమే చూసుకోవాలి, ఆ మీటర్ పెద్ద ఖరీదు కూడా కాదు. ఆర్వో వదిలేసే వేస్ట్ నీళ్ళు మా ఆవిడ ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి వాడుతుంది.

ఉత్త ఆర్వో నీళ్ళలో మాత్రం చేపని వెయ్యకండి. కొంతమంది ఎంత సాఫ్ట్ (హార్డ్‌నెస్ తక్కువ) అయితే అంత మంచిది అనుకుని మొత్తం ఆర్వోతో నింపుతున్నారు, చేప ఒంట్లో ఉప్పులు నిలవవు, కేహెచ్ సున్నా కాబట్టి నాలుగు రోజుల మేత కుళ్ళుకే పిహెచ్ పడిపోతుంది, ఫిల్టర్లో అమ్మోనియాని తినే బ్యాక్టీరియా కూడా పిహెచ్ 6 కిందికి వెళ్తే మందగిస్తుంది.

అపార్ట్‌మెంట్ కింద సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంది, మావి సాఫ్ట్ వాటరే అంటారు చాలామంది. అది చేపలకి సాఫ్ట్ వాటర్ కాదండి. ఆ ప్లాంట్‌లో క్యాల్షియం తీసి దాని బదులు సోడియం పెడతారు, అందుకే వాచ్‌మన్ ఉప్పు బస్తాలు పోస్తుంటాడు. బట్టలకి, గీజర్‌కి మంచిదే. కానీ టీడీఎస్ అలాగే ఉంటుంది, కేహెచ్ అలాగే ఉంటుంది, గుడ్లకి ఒరిగేదేం లేదు. కాచి చల్లార్చితే? కొంత తగ్గుతుంది, గిన్నె అడుగున తెల్లగా దిగుతుంది చూడండి, అంత తగ్గుతుంది. గ్యాస్ ఖర్చుకి తట్టుకోలేం.

అన్నిటికంటే మంచిది వాన నీళ్ళు, అదీ పైసా ఖర్చు లేకుండా. జూన్‌లో మొదటి రెండు మూడు వానలు వదిలెయ్యాలి, డాబా మీద దుమ్ము, పొగ మసి అన్నీ కొట్టుకుపోవాలి, తర్వాత కూడా వాన మొదలైన అరగంట ఆగి ప్లాస్టిక్ డ్రమ్ముకి శుభ్రమైన పట్టా కట్టి పట్టుకోవాలి, ఇనప రేకుల మీంచి కారిన నీళ్ళు వద్దు. నేను 400 లీటర్లు పట్టి మూత పెట్టి ఉంచుకుంటాను. ఆర్వో నీళ్ళ లాగే దీన్ని కూడా బోరు నీళ్ళతో కలిపే వాడతాను. మా చిన్నప్పుడు తొలకరికి గోదావరి ఎర్రనీళ్ళు కాలవల్లోకి రాగానే చేపలు ఎదురెక్కేవి, పిల్లలమంతా గట్టు మీద నిలబడి చూసేవాళ్ళం. కొత్తనీరు అంటే చేపకి గుడ్లు పెట్టే కాలం అని గుర్తు, లవణాలు తగ్గడం, నీళ్ళు రెండు మూడు డిగ్రీలు చల్లబడటం రెండూ కలిసి వస్తాయి. కోరిడోరాస్ అనే చిన్న అక్వేరియం చేపల్ని పెంచేవాళ్ళు అదే చేస్తారు, ట్యాంకులో పావు వంతు నీళ్ళు తీసి కొంచెం చల్లటి సాఫ్ట్ వాటర్ పోస్తే చాలాసార్లు మర్నాడే అద్దం మీద గుడ్లు కనపడతాయి. అన్ని చేపలకీ ఇది చాలదు లెండి. బొచ్చె, రాగండి చెరువులో పెరుగుతాయి గానీ గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద కావాలి, అందుకే 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి గారు పిట్యూటరీ (చేప మెదడు కింద ఉండే గ్రంథి) ఇంజెక్షన్‌తో మొదటిసారి గుడ్లు పెట్టించే దాకా మన దేశంలో చేపపిల్ల చాలావరకు నదుల్లోంచే పట్టుకొచ్చేవాళ్ళు. జాతీయ చేప రైతుల దినం ఆ తేదీనే జరుపుతున్నాం. కైకలూరు వైపు హేచరీలన్నీ ఆయన వేసిన దారిలో నడుస్తున్నవే.

బాదం ఆకు గురించి మీరు రాయలేదు, అదొక లోటు. మన వీధుల్లో, బడి ఆవరణల్లో గొడుగులా పెరిగే నాటు బాదం చెట్టు ఉంటుంది కదా, దాని ఎండి రాలిన ఎర్ర ఆకుల్ని విదేశాల్లో ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు. రోడ్డు పక్క మురికి లేని చోట ఏరుకుని కడిగి ఎండబెట్టి 50 లీటర్లకి 2 ఆకులు వేస్తే రెండు మూడు రోజుల్లో నీళ్ళు లేత టీ రంగుకి వస్తాయి, పిహెచ్ మెల్లగా కొంచెం దిగుతుంది, ఫంగస్ కూడా కొంత తగ్గుతుంది. కానీ కేహెచ్ 16 ఉన్న నీళ్ళలో బస్తా ఆకులు వేసినా రంగే వస్తుంది, పిహెచ్ కదలదు. ముందు కలిపి కేహెచ్ తగ్గించుకున్నాకే ఆకు పని చేస్తుంది. నిమ్మకాయలు, వెనిగర్ పిండేవాళ్ళని కూడా చూశాను, దయచేసి వద్దు.

టెస్ట్ గురించి కూడా ఒకటి చెప్పాలి. బోరు నీళ్ళు పట్టిన వెంటనే చూస్తే పిహెచ్ 7.1 అలా చూపిస్తుంది, మా నీళ్ళు న్యూట్రల్ అని సంతోషపడతాం. భూమి లోపలి నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది కాబట్టి అలా చూపిస్తుంది, బకెట్‌లో పోసి రాత్రంతా ఏర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి పొద్దున చూస్తే 8 దాటుతుంది, అదే అసలు అంకె. నల్లా నీళ్ళు, కృష్ణా అయినా మంజీరా అయినా, టీడీఎస్ తక్కువే కానీ క్లోరిన్ ఉంటుంది, రాత్రంతా గాలి కొట్టిస్తే చాలావరకు పోతుంది, తొందరైతే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసుకోవచ్చు, ఆ చుక్కలకి నేను వ్యతిరేకం కాదు. జీహెచ్, కేహెచ్ కిట్లు చుక్కల లెక్క, రంగు మారేదాకా ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు. ముంచి చూసే కాగితం పట్టీల మీద నాకు నమ్మకం లేదు.

మార్పు ఏదైనా బకెట్‌లో జరగాలి, చేప ఉన్న ట్యాంకులో కాదు. కలిపిన నీళ్ళు ఒక రోజు గాలి కొట్టించి, టీడీఎస్, పిహెచ్ చూసి, ట్యాంకు వేడికి సరిచేసి, రోజుకి ఐదో వంతు చొప్పున మార్చుకుంటూ పది పన్నెండు రోజుల్లో తీసుకురావాలి. పిహెచ్ తిరిగి పెంచేటప్పుడు ఇంకా జాగ్రత్త. నీళ్ళలో అమ్మోనియా ఉంటే పిహెచ్ 7 దగ్గర, 25 డిగ్రీల వేడిలో, అందులో ఒక శాతం కూడా విషంగా ఉండదు, అదే నీళ్ళు పిహెచ్ 8కి వెళ్తే 5 శాతం దాటుతుంది, 9కి వెళ్తే మూడో వంతు పైన. పాత ట్యాంకులో పిహెచ్ తక్కువుందని ఎవరో వంటసోడా గుప్పెడు వేసి సాయంత్రానికి చేపలన్నీ పైకి తేలాయని ఏడ్చారు, అది సోడా విషం కాదు, పిహెచ్ పెరగ్గానే అక్కడే పేరుకుని ఉన్న అమ్మోనియా విషంగా మారింది.

ఇంకో పద్ధతి ఉంది, నీళ్ళని మార్చే బదులు నీళ్ళకి తగ్గ చేపని తెచ్చుకోవడం, కొత్తవాళ్ళకి నేను ముందు ఇదే చెప్తాను. గప్పీ, మాలీ, ప్లాటీ గట్టి నీళ్ళ చేపలు, మన బోరు నీళ్ళు వాటికి పండగ, సాఫ్ట్ నీళ్ళలో వేస్తేనే మాలీలు రెక్కలు ముడుచుకుని వణుకుతాయి. ఆఫ్రికా మలావి సరస్సులోని సిక్లిడ్ జాతి చేపలు చూడండి, అక్కడ పిహెచ్ 7.8 నుంచి 8.6 దాకా ఉంటుంది, హార్డ్‌నెస్‌లో మన బోరు నీళ్ళు ఆ సరస్సుని మించిపోయినా అవి తట్టుకుంటాయి, ఆడచేప గుడ్లని నోట్లో పెట్టుకుని మూడు వారాలు మేత మానేసి పిల్లల్ని పొదుగుతుంది. మా పక్క బ్లాక్‌లో ఇంటర్ చదివే కుర్రాడు ఏ కిట్టూ లేకుండా వాటితో పిల్లలు తీయించాడు. క్రిబెన్సిస్ అని పశ్చిమ ఆఫ్రికా చేప ఒకటుంది, దాంట్లో అయితే పిహెచ్‌ని బట్టి పిల్లల్లో ఆడామగా కూడా మారిపోతాయి, నీళ్ళు పుల్లగా ఉంటే మగవి ఎక్కువ, అటు వైపైతే ఆడవి ఎక్కువ. ఒక అంకె చేప జీవితంలో అంత లోతుకి వెళ్తుందన్నమాట, అలాంటి అంకెని ఒక సీసాతో పైకీ కిందికీ ఆడించకూడదని నా బాధ.

ఎడిటర్ గారూ, రెండు కోరికలు. ఒకటి, వచ్చే ఆదివారం అదే పేజీలో చిన్న సవరణ వెయ్యండి, కేహెచ్ చూడకుండా పిహెచ్ డౌన్ పొయ్యొద్దు అని, నాలుగు లైన్లు చాలు. రెండోది, మీరు వానాకాలంలో రోజూ శ్రీశైలం, సాగర్ నీటిమట్టాలు వేస్తారు కదా, అలాగే ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ఒకసారి వానల తర్వాత ఒకసారి, మీ విలేకరులతో ఊరూరా నల్లా నీళ్ళూ బోరు నీళ్ళూ ల్యాబ్‌లో పరీక్ష చేయించి టీడీఎస్, హార్డ్‌నెస్, ఆల్కలినిటీ అంకెలు పేపర్లో వెయ్యండి. చేపలవాళ్ళకే కాదు, గీజర్ ఉన్నవాళ్ళకి, ఆర్వో మెషిన్ అవసరమా కాదా అని ఆలోచించేవాళ్ళకి, మొక్కలు పెంచేవాళ్ళకి అందరికీ పనికొస్తుంది.

నా దగ్గర ఇప్పుడు వేరే ఏంజెల్ జంట ఉంది, పాతవాటి తర్వాత రెండేళ్ళు చేపలు కొనలేదు, మనసొప్పక. కలిపిన నీళ్ళలో పెట్టాక మొదటిసారే నూటయాభై పిల్లలు ఈదాయి. ఊరి నుంచి తమ్ముడు పంపిన ఆర్టీమియా (చేపపిల్లలకి మేతగా వేసే చిట్టి ఉప్పునీటి జీవులు) గుడ్ల డబ్బా తెరిచి ఉప్పు నీళ్ళలో పొదిగించి పొద్దునా సాయంత్రం పెట్టాను. మూడు వారాలు దాటాక మెల్లమెల్లగా బోరు నీళ్ళ పాలు పెంచాను, తీసుకెళ్ళేవాళ్ళ ఇంట్లో ఉండేవి ఆ నీళ్ళే కాబట్టి.

నిన్న రాత్రి అవే మళ్ళీ పలక మీద గుడ్లు పెట్టాయి. ఈ ఉత్తరం రాస్తూ మధ్యలో లేచి వెళ్ళి టార్చ్ వెయ్యకుండా చూసొచ్చాను, ఏడో ఎనిమిదో తెల్లబడ్డాయి, మిగతావన్నీ లేత తేనె రంగులో ఉన్నాయి. 28 డిగ్రీల వేడిలో గుడ్లు పొదగడానికి అరవై గంటలు పడుతుంది, ఎల్లుండి పొద్దునకి తోకలు కదలాలి.

ఇట్లు
మీ పాఠకుడు
కూకట్‌పల్లి, హైదరాబాద్